అక్షరాలు తారుమారైనా ఎలా చదివేస్తున్నాం? తరచుగా అడిగే ప్రశ్నలు

"పదంలో మొదటి అక్షరం, చివరి అక్షరం సరిగ్గా ఉంటే చాలు, మధ్యలో ఎలా కలిపేసినా మెదడు చదివేస్తుంది" అని, అక్షరాలు తారుమారైన ఇంగ్లిష్‌లోనే రాసిన మెసేజ్ వాట్సాప్‌లో ఎన్నాళ్లనుంచో తిరుగుతోంది. కోనసీమలో డీటీపీ, ప్రూఫ్ పని చేసేవాణ్ని కాబట్టి దాన్ని నాకు చూపించి "ఇది నిజమేనాండీ?" అని అడిగేవాళ్లు ఎక్కువ. వాళ్లు అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ప్రయోగాలు చాలావరకు ఇంగ్లిష్ మీద జరిగినవే. ఉదాహరణలు మాత్రం గోదావరి పక్క ఊళ్లవి.

ముందు ఒక ముక్క చూపించండి. తెలుగులో నిజంగా చదవగలమా?

ఇది చదవండి:

"ధళేవశ్వరం ఆకనట్ట నుంచి నీళ్లు వలిదితే కావలుల కింద రైతులు నామరుళ్లు సిద్ధం చేకుంసుటారు."

చదివేశారు కదా. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే కాలువల కింద రైతులు నారుమళ్లు సిద్ధం చేసుకుంటారు. చాలామంది రెండుచోట్ల తడబడతారు. "కావలుల" దగ్గర కన్ను కావలి వైపు లాగుతుంది. "చేకుంసుటారు" దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ వస్తుంది.

ఇందులో ఒక చిన్న మోసం ఉంది. మొత్తం 11 మాటల్లో 5 మాటల్ని నేను ముట్టుకోనే లేదు. నుంచి, నీళ్లు, కింద, రైతులు, సిద్ధం అలాగే ఉన్నాయి. రెండు మూడు అక్షరాల మాటల్లో మధ్యలో మార్చడానికి ఏమీ ఉండదు మరి. ఆ ముట్టుకోని మాటలే వాక్యానికి దారి వేసి పెడతాయి. వాట్సాప్ మెసేజ్ అంత తేలిగ్గా చదవగలగడానికీ సగం కారణం ఇదే. ఇంగ్లిష్‌లో "ద", "ఆఫ్", "ఇన్", "ఈజ్" లాంటి చిన్న మాటలు అడుగడుక్కీ వస్తాయి, అవన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఇది కేంబ్రిడ్జి యూనివర్సిటీ పరిశోధన అంటున్నారు?

కాదు. ఆ మెసేజ్ 2003 సెప్టెంబరులో ఈమెయిళ్లలో పాకింది. అప్పటికి కేంబ్రిడ్జిలో అలాంటి పరిశోధన ఏదీ జరగలేదు. కేంబ్రిడ్జిలోనే మెదడు, భాష మీద పనిచేస్తున్న మాట్ డేవిస్ అనే శాస్త్రవేత్త దాన్ని చూసి, ఇది మా ఊరి పేరు మీద తిరుగుతోంది, ఎవరు చేశారో నాకే తెలియదే అని విడిగా ఒక వివరణ రాశాడు. అందులో ఏది నిజం, ఏది కాదు అని వాక్యం వాక్యం విడదీశాడు.

అసలు మూలం అంతకంటే పాతది. గ్రాహమ్ రాలిన్సన్ అనే ఆయన 1976లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు. పదాన్ని గుర్తుపట్టడంలో అక్షరాల స్థానానికి ఎంత విలువ ఉంది అన్నదే ఆయన సిద్ధాంత వ్యాసం. 1999లో న్యూ సైంటిస్ట్ పత్రికకు ఆయన రాసిన చిన్న ఉత్తరంతో అది మళ్లీ బయటికొచ్చింది. ఆ తర్వాత ఎవరో దానికి కేంబ్రిడ్జి తోక తగిలించారు. పెద్ద పేరు ఉంటే ఫార్వర్డ్ ఎక్కువ అవుతుందన్న సంగతి వాళ్లకి బాగానే తెలుసు.

మెదడు పదాన్ని మొత్తంగా ఒక బొమ్మలా చూస్తుందా, అక్షరం అక్షరం చూస్తుందా?

మెసేజ్ చెప్పేది మొదటిది. ఆ ఆలోచనకి పాత చరిత్రే ఉంది. 1886లో జేమ్స్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, విడి అక్షరాల కంటే పదాన్ని మనుషులు తొందరగా పట్టుకుంటారని చూపించాడు. 1969లో రైకర్ అనే పరిశోధకుడు ఇంకా గట్టిగా పరీక్షించాడు. ఒక అక్షరాన్ని విడిగా చూపించినప్పటికంటే, అర్థమున్న పదంలో భాగంగా రెప్పపాటు చూపించినప్పుడే జనం దాన్ని ఎక్కువ సరిగ్గా చెప్పారు. దీంతో "అయితే పదం మొత్తం ఆకారమే ముఖ్యం" అనుకున్నారు కొందరు.

ఇప్పటి పరిశోధకుల్లో ఎక్కువమంది మాట వేరు. అక్షరాలన్నీ చూస్తాం, కానీ ఒకదాని తర్వాత ఒకటి వరసగా కాదు, దాదాపు ఒకేసారి. ఏ అక్షరాలు ఉన్నాయన్నది చాలా కచ్చితంగా పట్టుకుంటాం. ఏది ఎక్కడ ఉందన్నది మొదట కొంచెం మసకగానే ఉంటుంది. పెళ్లి గ్రూప్ ఫొటోలో ఎవరెవరు ఉన్నారో చటుక్కున చెప్పేస్తాం, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చెప్పాలంటే మళ్లీ చూడాలి. అలాంటిదే ఇదీ.

ఆ మసకతనాన్ని ఎవరైనా కొలిచారా?

కొలిచారు, అదీ చాలా తెలివిగా. తెర మీద ఒక తారుమారు పదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు సేపు చూపిస్తారు. చూసినట్టు కూడా మనకి తెలియదు. వెంటనే అసలు పదం వస్తుంది, అది పదమా కాదా అని బటన్ నొక్కాలి. స్పానిష్ "క్యాసినో"లో ఎస్, ఎన్ అక్షరాల్ని అటుదిటు చేసి ముందు మెరిపిస్తే, అసలు మాటని జనం తొందరగా గుర్తుపట్టారు. ఆ రెండు అక్షరాల బదులు వేరే అక్షరాలు పెట్టి మెరిపిస్తే అంత సాయం కాలేదు. మాన్యుయెల్ పెరెయా, స్టీఫెన్ లుప్కర్ 2004లో ప్రచురించిన పని ఇది. వాళ్లే ఇంకోటి కూడా గమనించారు. హల్లుల్ని తారుమారు చేస్తే ఈ సాయం కనబడింది, అచ్చుల్ని చేస్తే కనబడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, గుణింతాల దగ్గర పనికొస్తుంది.

ఎందుకిలా అన్నదానికి ఒక వివరణ జంటలది. మెదడు పదాన్ని "దీని తర్వాత ఎక్కడో అది" అనే జంటలుగా దాచుకుంటుందని ఒక వర్గం అంటుంది. "గోదావరి"లో అలాంటి జంటలు ఆరు: గో-దా, గో-వ, గో-రి, దా-వ, దా-రి, వ-రి. ఇప్పుడు "గోవదారి" చూడండి. ఒక్క దా-వ తప్ప మిగతా అయిదూ అలాగే ఉన్నాయి. అందుకే చదివేస్తాం. అదే "రివదాగో" అని తిరగేస్తే ఆరింట్లో ఒక్కటీ మిగలదు.

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆకాశ్ అగ్రవాల్, కె.వి.ఎస్. హరి, ఎస్.పి. అరుణ్ 2020లో వేరే వివరణ ఇచ్చారు. జంటల్లాంటివేవీ అక్కర్లేదు, ఒక్కో అక్షరానికి మెదడులో కలిగే స్పందనని, అది ఉన్న చోటుని బట్టి కొంచెం ఎక్కువ తక్కువ విలువ ఇచ్చి, కలిపేస్తే చాలు, తారుమారు పదాల్ని ఎంత తేలిగ్గా చదవగలమో చాలావరకు లెక్కగట్టవచ్చు అన్నారు. నాకు ఈ రెండో దారే నచ్చింది. తక్కువ సరంజామాతో ఎక్కువ పని చేస్తుంది.

తెలుగు మీద ఎవరూ చేయలేదా?

చేశారు, అదీ ఆ బెంగళూరు బృందమే. 2019లో వచ్చిన వాళ్ల పరిశోధనలో తెలుగు చదవడం వచ్చి మలయాళం రానివాళ్లని, మలయాళం వచ్చి తెలుగు రానివాళ్లని తీసుకున్నారు. రెండు లిపులూ గుండ్రంగానే ఉంటాయి కాబట్టి పోలికకి బాగా కుదిరింది. తెలిసిన లిపిలో అక్షరాలు ఒకదాన్నుంచి ఒకటి స్పష్టంగా విడిపడి కనిపిస్తాయి. పక్కపక్కన ఉన్న అక్షరాలు ఒకదాన్నొకటి పాడుచేసుకోవడం తగ్గుతుంది. తెలియని లిపిలో అక్షరాలు ఒకదానిమీద ఒకటి కలిసిపోయినట్టు ఉంటాయి. అంటే బాగా చదవడం వచ్చినవాడికి పదం ఒక ముద్దగా మారుతుందన్న పాత నమ్మకానికి ఇది సరిగ్గా ఎదురు.

మెదడులో ఈ పని ఎక్కడ జరుగుతుంది?

ఎడమవైపు, వెనక భాగంలో, అడుగున. 1892లో జూల్ డెజెరిన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక రోగి గురించి రాశాడు. ఆయన మాట్లాడగలడు, రాయగలడు, ఎదుటివాళ్లని గుర్తుపట్టగలడు, కానీ చదవలేడు. తను రాసినదే తను చదవలేడు. ఎడమవైపు మెదడు వెనక భాగం దెబ్బతింది. 2000లో లోరాన్ కోయెన్, స్టానిస్లాస్ డెహేన్ బృందం స్కానింగులో ఆ ప్రాంతానికి దగ్గర్లోనే రాసిన పదాలకి ప్రత్యేకంగా స్పందించే చోటుని చూపించింది. చదువు వచ్చినవాళ్లలో, లిపి ఏదైనా సరే, అది దాదాపు అదే చోట ఉంటుంది.

చదవడం కోసం మనం ఆ భాగంతో పుట్టలేదు. రాత పుట్టి 5,000 ఏళ్లు దాటిందంతే, మెదడు కొత్త భాగాన్ని పెంచుకోవడానికి అది చాలదు. ముఖాల్ని, వస్తువుల్ని గుర్తుపట్టే ప్రాంతంలో కొంత జాగాని చదువు తనకోసం మలచుకుంటుంది.

అయితే తారుమారు చేసినా చదవడానికి ఏమీ తేడా ఉండదా?

ఉంటుంది. మెసేజ్ దాచిపెట్టేది ఇదే. 2006లో కీత్ రేనర్, సారా వైట్, రెబెకా జాన్సన్, సైమన్ లివర్‌సెడ్జ్ కళ్ల కదలికల్ని కొలిచే పరికరంతో చూశారు. మామూలు వాక్యాల్ని నిమిషానికి 255 పదాల వేగంతో చదివినవాళ్లు, మధ్య అక్షరాలు మారితే 227కి, చివరివి మారితే 189కి, మొదటివి మారితే 163కి పడిపోయారు. అర్థం చేసుకున్నారు, కానీ కన్ను ఎక్కువసేపు ఆగింది, ఎక్కువసార్లు వెనక్కి వెళ్లింది.

అది కూడా పక్కపక్క అక్షరాలు మారితేనే. దూరం పెరిగేకొద్దీ కష్టం. "రామజహేంద్రవరం" చూడగానే తెలిసిపోతుంది. "రావద్రహేంమజరం" చూడండి. మొదలు, చివర రెండూ సరిగ్గానే ఉన్నాయి, మధ్యలో అక్షరాలన్నీ ఉన్నాయి. రాజమహేంద్రవరం అని ముందే చెప్పకపోతే ఎంతమంది చదువుతారు?

మొదటి అక్షరానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

మనం చదివేటప్పుడు కన్ను వరసగా జారదు, దూకుతుంది. ఒకచోట సుమారు పావు సెకను ఆగి, మళ్లీ దూకుతుంది. బాగా స్పష్టంగా కనిపించేది చేయి చాపితే బొటనవేలి గోరంత మేర మాత్రమే. ఆ పక్కన ఉన్నవి మసక. మసకలో ఉన్న అక్షరాన్ని రెండువైపులా వేరే అక్షరాలు నొక్కేస్తుంటే గుర్తుపట్టడం కష్టం. దీన్ని 1970లో హెర్మన్ బౌమా కొలిచి చెప్పాడు. పదం మొదటి అక్షరానికీ, చివరి అక్షరానికీ ఒకవైపు ఖాళీ ఉంటుంది కదా, అందుకే అవి తేలిగ్గా తెలుస్తాయి. పైగా కన్ను రాబోయే పదం మీదికి దూకకముందే దాని మొదటి అక్షరాల్ని కొంత చూసేసి ఉంటుంది. అక్కడ తప్పుంటే ముందే వేసుకున్న అంచనా తప్పుతుంది.

తెలుగులో ఇంకోటి ఉంది. అ, ఆ, ఇ, ఈ లాంటి అచ్చులు విడిగా సాధారణంగా పదం మొదట్లోనే వస్తాయి. "ఆనకట్ట"ని "నఆకట్ట" అని రాస్తే మధ్యలో "ఆ" కనబడగానే కన్ను అక్కడ ఒక కొత్త పదం మొదలైందనుకుంటుంది.

ఇంగ్లిష్‌లో అంత సులువుగా ఉన్నది తెలుగులో ఎందుకు కష్టంగా ఉంటుంది?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. కారణాలు ఒకటికి మించి ఉన్నాయి.

మొదటిది, దేన్ని "అక్షరం" అనుకుంటున్నాం అన్నది. ఇప్పటిదాకా నేను గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒక అక్షరంగా పట్టుకున్నాను. "శ్వ" ఒకటి, "రం" ఒకటి. బళ్లో నేర్పేదీ, నోటితో పలికేదీ అలాగే. కంప్యూటర్‌కి అలా కాదు, అది అక్షరాల్ని యూనికోడ్ అనే పద్ధతిలో ముక్కలుగా దాచుకుంటుంది. యూనికోడ్‌లో "ధవళేశ్వరం" అంటే ధ, వ, ళ, ఏత్వం, శ, పొల్లు, వ, ర, సున్న అని 9 ముక్కలు. ఇంగ్లిష్ కోసం రాసిన ఏదో ఒక ప్రోగ్రామ్‌ని తెలుగు మీదికి వదిలితే ఈ ముక్కల్ని కలిపేస్తుంది. మొదటి ముక్క, చివరి ముక్క కదపకుండా మధ్యవి కలిపితే "ధశేవ్రళవం" లాంటిది వస్తుంది. మెసేజ్ చెప్పిన నియమం తు.చ. తప్పకుండా పాటించాం. అయినా అది ధవళేశ్వరం అని ఆర్థర్ కాటన్ దొర లేచి వచ్చినా చెప్పలేడు. "రం" విడిపోయింది, "శ్వ" విరిగిపోయింది, కొత్తగా "వ్ర" పుట్టింది. కన్ను వెతికే అక్షరాలే అక్కడ లేవు. అందుకే తెలుగులో తారుమారు చేయాలంటే అక్షరాన్ని విరగ్గొట్టకుండా చేయాలి.

రెండోది, పదం చివర. ఇంగ్లిష్‌లో "ఇన్", "టు", "ఫ్రమ్" విడిగా ఉంటాయి. మనకి అవి మాటకి అతుక్కుని ఉంటాయి. అమలాపురంలో, అమలాపురానికి, అమలాపురంవాళ్లతో. ఇప్పుడు "అమలాపురంలో" తీసుకుని మొదటిదీ చివరిదీ ఉంచి మధ్యవి కలిపితే "అరంమలాపులో" అవుతుంది. కాపాడుకున్న చివరి అక్షరం "లో" అసలు ఊరిపేరుదే కాదు. ఊరిపేరు చివర "రం" మధ్యలోకి వెళ్లి నలిగిపోయింది. అంటే తెలుగులో "చివరి అక్షరం సరిగ్గా ఉంటే చాలు" అన్న మాటకి సగం విలువ ముందే పోయింది. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతోనో సున్నతోనో ముగుస్తాయి. లు, రు, ంలో, కి లాంటి కొద్దిపాటి ముగింపులే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ చివర చూసి ఏ మాటో ఊహించడానికి పెద్దగా ఆధారం దొరకదు.

మూడోది ముందే అన్నాను. దారి వేసే చిన్న చిన్న మాటలు మనకి విడిగా తక్కువ, అవన్నీ పెద్ద మాటల తోకల్లో ఉంటాయి, తోక కదిలితే అవీ పోతాయి.

భాషని బట్టి ఇది మారుతుందనడానికి గట్టి రుజువు హీబ్రూ. 2007లో హదాస్ వేలన్, రామ్ ఫ్రాస్ట్ అనే ఇద్దరు ఇంగ్లిష్, హీబ్రూ రెండూ బాగా వచ్చినవాళ్ల చేత చదివించారు. ఇంగ్లిష్‌లో తారుమారు పదాల్ని బాగానే చదివినవాళ్లు హీబ్రూలో చతికిలబడ్డారు. హీబ్రూలో చాలా మాటలకి మూడు హల్లుల ధాతువు ఉంటుంది, వాటి వరస మారితే వేరే ధాతువు అయిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆ భాష చదివేవాళ్ల మెదడు అక్షరాల వరస విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. తెలుగు అంత కఠినం కాదు, ఇంగ్లిష్ అంత ఉదారమూ కాదు.

గుణింతాలు మాత్రం మారిస్తే ఏమవుతుంది?

"గోవదారి", "గాదోవరి" పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో అక్షరాలు కదిలాయి. రెండోదాంట్లో హల్లులు ఎక్కడివక్కడే ఉండి, ఓత్వం, దీర్ఘం చోట్లు మార్చుకున్నాయి. చూసినవాళ్లలో ఎక్కువమంది మొదటిది తేలిక అంటారు. రెండోది గోదావరి అని తెలిసినా నోరు "గాదో" అనే అంటుంది. అచ్చులు తారుమారైతే సాయం దొరకదన్న ప్రయోగం పైన చెప్పాను కదా, దానికీ దీనికీ పొత్తు కుదురుతుందని నా అనుమానం.

చిన్నపిల్లలకి ఇవి ఇస్తే చదువుతారా?

ఒకటో రెండో తరగతి పిల్లలకి ఇవ్వకండి. వాళ్లు ఇంకా కూడబలుక్కుని చదువుతుంటారు, "పూరేతకులు" అని ఉంటే పూరేతకులు అనే చదువుతారు. అది తప్పు కాదు, వాళ్లు చేయాల్సిన పనే అది. మన లిపుల్లో గుణింతాలు, ఒత్తులు కలిపి నేర్చుకోవాల్సినవి వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో అక్షరాల మీద పట్టు నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉందని తేలింది. మన లిపి దానికి తోబుట్టువే కాబట్టి, మూడో తరగతి పిల్లాడు ఒత్తుల దగ్గర తడబడితే టెన్షన్ పడి ట్యూషన్లు మార్చనక్కర్లేదు.

ఇలా చదవగలిగితే తెలివైనవాళ్లని గుర్తా? 100 మందిలో 55 మందే చదవగలరట.

ఆ లెక్కకి ఆధారం లేదు. ఆ భాష చదవడం బాగా అలవాటైన వాళ్లు దాదాపు అందరూ చదువుతారు.

మా అబ్బాయికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయంటాడు. డిస్లెక్సియానా?

డిస్లెక్సియా అంటే అక్షరాలు కళ్ల ముందు డాన్సు చేయడం అని బాగా ప్రచారం అయింది. ఎక్కువమంది పిల్లల్లో అసలు ఇబ్బంది చూపుది కాదు, అక్షరానికీ శబ్దానికీ ముడి వేయడంలో ఉంటుంది. మాటని శబ్దాలుగా విడగొట్టడం, అక్షరం చూడగానే శబ్దాన్ని తొందరగా తేవడం కష్టమవుతుంది. వరస తప్పడం, బ-భ, ద-ధ కలగలిసిపోవడం చిన్నప్పుడు అందరు పిల్లల్లోనూ కొంతకాలం ఉంటుంది. తోటి పిల్లలు దాటిపోయినా అదే కొనసాగుతుంటే, మాటల్లో చురుగ్గా ఉండి చదువులో మాత్రం వెనకబడితే, కళ్ల డాక్టరుతో మొదలుపెట్టి సైకాలజిస్టు దాకా చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. తారుమారు మెసేజ్ చదవలేకపోయాడని మాత్రం ఏదీ తేల్చకండి.

ఇదంతా తెలిస్తే ఏం ఉపయోగం? మాకు శుభలేఖలు వేసేటప్పుడు పనికొస్తుందా?

అక్కడే పనికొస్తుంది. తప్పున్న మాటని ఒప్పుగా చదివేసే ఈ సామర్థ్యమే ప్రూఫ్‌లో తప్పు దొరక్కుండా చేసేది.

వేసవి ముహూర్తాల్లో ఒక పెళ్లికూతురు తండ్రి వచ్చారు. మేటర్ వాళ్లబ్బాయి ఫోన్లో టైప్ చేసి పంపినదే. ప్రింట్ తీసి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, చి.ల.సౌ. దగ్గర మొదలుపెట్టి అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, తాతగార్ల పేర్లు, ముహూర్తం గంటలూ నిమిషాలూ, కల్యాణ మండపం, అన్నీ పైకి చదివారు. "బావుందండి, వేసేయండి" అన్నారు. కార్డు నెత్తిమీద, అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో, బంగారు రంగులో "వివాహ మహోవత్స ఆహ్వానం" అని ఉంది. పెన్ను క్యాప్ పెట్టి చూపించాను. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "ఇదెక్కడుందండీ ఇందాక!" అన్నారు.

ఆయన అజాగ్రత్తగా ఏమీ చూడలేదు. ఆ మాట అక్కడ ఏముంటుందో చదవకముందే తెలుసు. ఎదురుచూస్తున్న మాట వచ్చినప్పుడు మెదడు అక్షరాల్ని లెక్కపెట్టదు. "ఆత్రేయపురం పూరేతకులు" అని బోర్డు మీద ఉన్నా నోరు పూతరేకులనే అంటుంది, ఎందుకంటే ఆత్రేయపురం తర్వాత ఇంకేం వస్తుంది? అందుకే నా అనుభవంలో మేటర్ రాసినవాడి కంటే చెడ్డ ప్రూఫ్‌రీడర్ ఉండడు. రాసినవాడికి ప్రతి మాటా ముందే తెలుసు.

మేం పాటించే పద్ధతులు ఇవి. మేటర్‌ని కింది లైను నుంచి పైకి చదవడం, అప్పుడు తర్వాత ఏం వస్తుందో ఊహకి అందదు. ఒక లైను కింద స్కేలు పెట్టి మిగతాది మూసేయడం. ఒకళ్లు కాగితం మీది అసలు మేటర్ పైకి చదువుతుంటే ఇంకొకళ్లు ప్రూఫ్ చూడడం. తెర మీద చూసింది చాలనుకోకుండా ప్రింట్ తీసి, వీలైతే వేరే ఫాంట్‌లో తీసి చూడడం, ఎందుకంటే అలవాటు పడ్డ రూపం మారితే కన్ను మళ్లీ అక్షరాల మీదికి వస్తుంది. అందరూ చూసేది పేర్లూ ముహూర్తమూ కాబట్టి, ఎవరూ చూడని పెద్ద హెడ్డింగు నుంచి మొదలుపెట్టడం. యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చి ఉంటే ఒత్తులన్నీ విడిగా ఒకసారి చూడాలి, ఒక్కోసారి ఒత్తు పక్క అక్షరానికి అతుక్కుంటుంది.

ఎక్కువగా తప్పించుకునేవి శ-ష-స, ణ-న, ళ-ల, ద-ధ, ఇంకా దీర్ఘాలు. పదం మధ్యలో ఉంటే ఇంకా బాగా దాక్కుంటాయి.

బ్యాంకు మెసేజ్‌లలో మోసానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. నకిలీ లింకుల్లో బ్యాంకు పేరులో మధ్య అక్షరాలు రెండు అటుదిటు చేసి పెడతారు. కంగారులో చదివే కన్ను దాన్ని అసలు పేరుగానే చదివేస్తుంది. లింకు నొక్కకండి, బ్యాంకు యాప్ మీరే తెరవండి.

వినడంలో కూడా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. 1999లో కూరోష్ సబెరి, డేవిడ్ పెరట్ అనే ఇద్దరు రికార్డు చేసిన మాటని సెకనులో ఇరవయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ వెనకనుంచి ముందుకి తిప్పి వినిపించారు. జనానికి బాగానే అర్థమైంది. ముక్క పొడవు పెరిగేకొద్దీ అర్థం కావడం తగ్గింది. రాలిన్సన్ న్యూ సైంటిస్ట్‌కి ఉత్తరం రాయడానికి ప్రేరణ ఈ ప్రయోగమే.

చదువు రాని జంతువులకి కూడా ఇది ఉంటుందా?

ఈ ప్రశ్న అడిగింది ఎనిమిదో తరగతి అమ్మాయి. జవాబు వింటే ఆశ్చర్యపోతారు. ఫ్రాన్స్‌లో జోనథన్ గ్రేంజర్ బృందం 2012లో 6 బబూన్ కోతులకి తెర మీద నాలుగక్షరాల ఇంగ్లిష్ పదాల్ని, పదాలు కాని వాటిని చూపించి, సరిగ్గా విడదీస్తే గింజలు పెట్టింది. నెలన్నరలో ఒక్కో కోతి 81 నుంచి 308 పదాల దాకా గుర్తుపట్టడం నేర్చుకుంది. అర్థం తెలియదు, శబ్దం తెలియదు, భాషే లేదు. ఆ తర్వాత చూస్తే, అక్షరాలు తారుమారైన పదం దగ్గర అవీ మనలాగే మోసపోతున్నాయి. అంటే అక్షరాల స్థానం విషయంలో ఈ సర్దుకుపోవడం భాష కంటే ముందున్నది, చూపులోనే ఉన్నదన్నమాట.

పెద్ద వయసులో చదువు నేర్చుకుంటే మెదడు ఇలా మారుతుందా?

మారుతుంది. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకి ఆరు నెలలపాటు హిందీ చదవడం నేర్పి, ముందూ తర్వాతా స్కానింగు చేసిన పరిశోధన 2017లో వచ్చింది. చూపుకి సంబంధించిన లోతైన భాగాలకీ మెదడు పైపొరకీ మధ్య పొందిక పెరిగిందని చూపించారు.

ఇంట్లో ఆడుకోవడానికి కొన్ని ఇవ్వండి.

అన్నీ మన డెల్టా ఊళ్లే. మొదటి, చివరి అక్షరాలు కదపలేదు, ఏ అక్షరాన్నీ విరగ్గొట్టలేదు. ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో పక్కవాళ్లని చూడమనండి.

భీవమరం. కానాకిడ. పాకొలల్లు. ద్రారాక్షామం. ముడిమ్మివరం. అపులామరం. నపురసారం. తాల్లిగూపడేడెం.

జవాబులు వరసగా: భీమవరం, కాకినాడ, పాలకొల్లు, ద్రాక్షారామం, ముమ్మిడివరం, అమలాపురం, నరసాపురం, తాడేపల్లిగూడెం. మొదటి అయిదింట్లో పక్కపక్క అక్షరాలు మాత్రమే మారాయి, వాటి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నరసాపురం దగ్గర చివర "సారం" అనే మాట దొరికి కన్ను అటు పోతుంది. తాడేపల్లిగూడెంలో మధ్య నాలుగక్షరాలూ చోటు మారాయి, దానికి తోడు మొదట్లోనే "తల్లి" లాంటిది ఒకటి కనబడుతుంది. రోజూ ఆ ఊరి మీదుగా రైల్లో వెళ్లేవాళ్లు కూడా దాని దగ్గర ఆగుతారు.